ఫుడ్ సేఫ్టీ తనిఖీలో తప్పు దొరికితే దుకాణదారు, హోటల్ యజమాని ఏం చేయాలి?

కిరాణా కొట్టు, స్వీట్ షాపు, టిఫిన్ సెంటర్, బిర్యానీ హోటల్, ఏదైనా సరే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 కిందికే వస్తుంది. ఇందులో జరిమానా పక్కన దాదాపు ప్రతిచోటా ఒక మాట కనిపిస్తుంది: 'వరకు'. ఐదు లక్షల వరకు, మూడు లక్షల వరకు. ఆ 'వరకు'లో మీ వంతు ఎంతో తేల్చేవి రెండు: గల్లాపెట్టెలో భద్రంగా ఉన్న కాగితాలు, గడువులోపు మీరిచ్చిన జవాబు. చాలామంది ఈ రెండోదాని దగ్గరే నష్టపోతున్నారు. నోటీసు వచ్చిన రోజు భయపడి, మర్నాటికి మరిచిపోయి, గడువు దాటాక వకీలు దగ్గరికి పరుగెత్తుతారు.

మొదట, మీ తప్పు ఏ సెక్షన్ కిందికి వస్తుందో చూసుకోండి

నోటీసులో సెక్షన్ నంబరు రాసి ఉంటుంది. కొన్నవాడు అడిగిన నాణ్యత లేని సరుకు అమ్మితే సెక్షన్ 50, ఐదు లక్షల వరకు. లైసెన్సు అక్కర్లేకుండా రిజిస్ట్రేషన్‌తో నడిచే చిన్న వ్యాపారికి మాత్రం ఈ సెక్షన్‌లో 25 వేలు దాటకూడదు. నాసిరకం సరుకుకు సెక్షన్ 51, ఐదు లక్షల వరకు. లేబుల్ తప్పులకు 52, మూడు లక్షల వరకు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 53, పది లక్షల వరకు. అన్నంలో రాయి, స్వీటులో వెంట్రుక లాంటివాటికి 54, లక్ష వరకు. మురికి వంటగదికి 56, అదీ లక్ష వరకే. అధికారి చెప్పింది కారణం లేకుండా చేయకపోతే 55, రెండు లక్షల వరకు. ప్రత్యేకంగా శిక్ష చెప్పని తప్పులన్నీ 58 కింద, రెండు లక్షల వరకు.

ఇవన్నీ డబ్బుతో పోయేవి. సెక్షన్ 59 అలా కాదు. 'సురక్షితం కాని ఆహారం' అమ్మితే, ఎవరికీ హాని జరగకపోయినా మూడు నెలల వరకు జైలు, మూడు లక్షల వరకు జరిమానా. 2023 జన్ విశ్వాస్ సవరణకు ముందు ఇది ఆరు నెలలు, లక్ష రూపాయలు. తిన్నవారికి హాని జరిగితే ఏడాది వరకు, తీవ్ర హాని అయితే ఆరేళ్ల వరకు. ప్రాణం పోతే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. జరిమానా పది లక్షలకు తగ్గదు. బాధిత కుటుంబానికి కనీసం ఐదు లక్షల పరిహారం వేరే.

'సురక్షితం కానిది' అంటే విషం కలిపింది ఒక్కటే అనుకోవద్దు. పసుపులో లెడ్ క్రోమేట్, కారంలో సూడాన్ రంగు దీని కిందికి వస్తాయని అందరూ ఊహిస్తారు. అనుమతి లేని రంగు చల్లిన బిర్యానీ, చికెన్ పకోడీ కూడా ఇందులోకే వస్తాయి. పురుగు పట్టిన కందిపప్పు, కుళ్లిన మాంసం కూడా అంతే. రంగు డబ్బా వంటగదిలోంచి తీసి పారేయడం రూపాయి ఖర్చు లేని పని. దానికోసం జైలు కేసు తెచ్చుకోవడం అన్యాయం, తినేవాళ్లకూ మీకూ.

లైసెన్సు తీసుకోవాల్సిన వ్యాపారం లైసెన్సు లేకుండా నడిపితే సెక్షన్ 63 కింద పది లక్షల వరకు. రెన్యువల్ తేదీ దాటిపోయిన లైసెన్సుతో నడిపినా లేనట్టే లెక్క.

తనిఖీ జరుగుతున్నప్పుడు

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌ను, అంటే మనం ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారిని, గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగవచ్చు. లోపలికి రానివ్వకుండా అడ్డుకుంటే మాత్రం సెక్షన్ 62 కింద మూడు నెలల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. షట్టర్ దించేసి వెళ్లిపోమని పనివాళ్లకు చెప్పకండి.

శాంపిల్ తీస్తే మామూలు ధర మీకు చెల్లించాలి. శాంపిల్ తీస్తున్నట్టు తెలిపే ఫారం 5ఏ నోటీసు ఇవ్వాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, మీ సంతకం తీసుకోవాలి. ఒక భాగం ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు, అంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పై అధికారికి వెళతాయి. నాలుగోది మీ హక్కు: గుర్తింపు పొందిన మరో ల్యాబ్‌కు పంపమని అక్కడికక్కడే రాసి అడగండి, ఖర్చు మీదే. ఎక్కువమంది దీన్ని వదిలేస్తారు. రెండు రిపోర్టులకూ పొంతన కుదరకపోతే శాంపిల్ రిఫరల్ ల్యాబ్‌కు వెళుతుంది, అక్కడి మాటే చివరిది. నాలుగో భాగం అడగనివారికి ఈ దారి ఉండదు.

సీలు సరిగ్గా పడిందా, శాంపిల్ పేరు, తేదీ, బ్యాచ్ నంబరు సరిగ్గా రాశారా చూసుకున్నాకే సంతకం పెట్టండి. లూజు సరుకైతే ఏ బస్తాలోంచి తీశారో రాయించండి. సరుకు సీజ్ చేస్తే జాబితా కాపీ తీసుకోండి. సీజ్ చేసిన సరుకు జరిపినా, అమ్మినా సెక్షన్ 60 కింద జైలు కేసవుతుంది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరే జరిమానా ఎంతో చెప్పి, చేతిలో నగదు తీసుకునే పద్ధతి ఈ చట్టంలో లేదు. అలా ఎవరైనా అడిగితే ఇవ్వకండి. కార్పొరేషన్ వారు చెత్త, పారిశుధ్యం మీద వేసే జరిమానా వేరు, దానికీ రసీదు ఉంటుంది.

ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వస్తే

పరిశుభ్రత లోపాలకు ముందుగా వచ్చేది ఇదే, సెక్షన్ 32 కింద. సరిదిద్దుకోవడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి. ఆలోపు చేయకపోతే లైసెన్సు సస్పెండ్, ఆ తర్వాత రద్దు. ప్రజారోగ్యానికి ముప్పని రాతపూర్వకంగా కారణం చూపితే వెంటనే కూడా సస్పెండ్ చేయవచ్చు.

నోటీసులో ఎన్ని అంశాలుంటే అన్నింటికీ విడివిడిగా, అదే వరుసలో జవాబు రాయండి. 'అన్నీ సరిచేశాం' అన్న ఒక్క వాక్యం పనికిరాదు. ప్రతి అంశం కింద తేదీతో ఫొటో, ఖర్చు బిల్లు పెట్టండి. మామూలుగా దొరికే లోపాలు, వాటికి చూపాల్సిన ఆధారాలు ఇవి:

- పనివాళ్లకు వైద్య పరీక్ష లేదు: వంట, వడ్డన చేసే ఒక్కొక్కరికీ డాక్టరు సంతకంతో ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏటా కొత్తది.
- బొద్దింకలు, ఎలుకలు: పెస్ట్ కంట్రోల్ బిల్లు, ఏ తేదీన ఏ మందు వాడారో రాసిన పుస్తకం, డ్రైనేజీకి జాలీ వేసిన ఫొటో.
- ఫ్రిజ్ చల్లదనం: లోపల థర్మామీటర్, రోజుకు రెండుసార్లు రాసిన పట్టిక. చల్లటి పదార్థాలు 5 డిగ్రీల లోపు, వేడివి 60 డిగ్రీల పైన ఉండాలి.
- నీరు: ల్యాబ్ పరీక్ష రిపోర్టు.
- శిక్షణ: ప్రతి 25 మందికి ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజర్, ఆయన ఫోస్టాక్ (ఆహార భద్రత శిక్షణ) సర్టిఫికెట్.

ఉష్ణోగ్రత పట్టికను ఒకే కలంతో, ఒకే చేతిరాతతో, నెల మొత్తానికి ఒకేసారి నింపేవారుంటారు. తనిఖీ చేసేవారికి అది చూడగానే తెలిసిపోతుంది. తప్పుడు సమాచారం ఇస్తే సెక్షన్ 61 కింద పది లక్షల వరకు జరిమానా ఉంది. పట్టిక లేదని ఒప్పుకుని ఈ రోజు నుంచి మొదలుపెట్టడం మేలు.

జవాబు ఆఫీసులో ఇచ్చి, ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని కాపీ తెచ్చుకోండి. నోటీసే తప్పని మీకనిపిస్తే ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు అప్పీలు చేయవచ్చు. దానికి 15 రోజులు లేదా నోటీసులో ఇచ్చిన గడువు, ఏది ముందు ముగిస్తే అదే లెక్క. 14 రోజుల నోటీసుకు 15వ రోజు అప్పీలు చెల్లదు.

ల్యాబ్ రిపోర్టు వస్తే

అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. కాపీ మీ చేతికొచ్చిన తేదీని కవరు మీదే రాసి పెట్టుకోండి. ఆ రోజు నుంచి 30 రోజుల్లో ఫారం 8లో డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు అప్పీలు చేయవచ్చు. 'నాసిరకం' అని వచ్చిందా, 'సురక్షితం కాదు' అని వచ్చిందా చూడండి. మొదటిది జరిమానా విచారణకు, రెండోది క్రిమినల్ కోర్టుకు దారి. రెండోదైతే ఆ రోజే వకీలును కలవండి.

సీలు విప్పని కంపెనీ ప్యాకెట్‌లో లోపమైతే మీ రక్ష కొనుగోలు బిల్లే. లైసెన్సున్న సరఫరాదారు దగ్గర, బ్యాచ్ నంబరున్న బిల్లుతో కొని, ప్యాకెట్ మీద చెప్పినట్టే నిల్వ చేశారని చూపగలిగితే, తగిన జాగ్రత్త తీసుకున్నానన్న వాదన సెక్షన్ 80 కింద నిలబడుతుంది. బిల్లు లేని లూజు కారం, లూజు నెయ్యి విషయంలో మాత్రం చివరికి దొరికేది మీరే. గడువు దాటిన సరుకుకు ఈ రక్ష లేదు, అది అమ్మినవాడి బాధ్యత అని సెక్షన్ 27 చెబుతోంది. 'డీలర్‌కు తిరిగి పంపడానికి పెట్టాం' అనే మాట నిలబడాలంటే ఆ సరుకు అరల్లో కాకుండా వేరే పెట్టెలో, 'అమ్మకానికి కాదు' అన్న చీటీతో ఉండాలి.

విచారణలో

జరిమానా కేసులు అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందుకు వెళతాయి. ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అదనపు కలెక్టర్ ఈ పని చూస్తారు. వాయిదాకు తప్పక వెళ్లండి. జరిమానా ఎంతో నిర్ణయించేటప్పుడు ఏం చూడాలో సెక్షన్ 49 చెబుతుంది: తప్పు వల్ల మీకెంత లాభం వచ్చింది, ఇతరులకెంత నష్టం, మళ్లీ మళ్లీ చేశారా, తెలియక జరిగిందా. మీ రాతపూర్వక జవాబు ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరగాలి. ఆ సరుకు ఎన్ని కిలోలు కొన్నారు, ఎంత అమ్మారు, కిలోకు ఎంత మిగిలింది అని అంకెల్లో రాయండి. తెలిసిన వెంటనే మిగిలిన సరుకు పక్కన పెట్టిన ఆధారం జత చేయండి.

చిన్న చిల్లర వ్యాపారులు, తోపుడు బండ్లవారు, తాత్కాలిక స్టాళ్లవారికి ఇంకో దారి ఉంది. జైలు శిక్ష లేని తప్పయితే సెక్షన్ 69 కింద రాజీ మొత్తం కట్టి కేసు ముగించమని అధికారం పొందిన డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌ను కోరవచ్చు. అది లక్ష దాటకూడదు.

ఆర్డరు వచ్చాక

ఒప్పుకోకపోతే 30 రోజుల్లో ఫుడ్ సేఫ్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఒప్పుకుంటే చలానా కట్టి కాపీ లైసెన్సు ఫైల్లో పెట్టుకోండి. కట్టకుండా వదిలేస్తే సెక్షన్ 96 కింద భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు సస్పెండ్ అవుతుంది. కోర్టులో శిక్ష పడ్డవారు అదే నేరం మళ్లీ చేస్తే సెక్షన్ 64 కింద శిక్ష రెట్టింపు. తప్పు కొనసాగిన ప్రతి రోజుకూ లక్ష వరకు అదనంగా పడుతుంది, లైసెన్సు రద్దవుతుంది.