పిల్లాపాపలతో అండమాన్ లోతు సముద్రంలో చేపల వేటకు వెళ్లడం ఎలా?

అండమాన్ యాత్రలో సెల్యులార్ జైలు, రాధానగర్ తీరం చూశాక, ఒక పూట గాలం పట్టుకొని నడి సముద్రం మీదికి వెళ్లి రావాలని ముచ్చటపడే కుటుంబాలు చాలా ఉంటాయి. మేమూ మొదటిసారి పెద్ద చేప మీద ఆశతో రోజంతటికీ పడవ మాట్లాడుకున్నాం. ఉదయం తొమ్మిది కాకముందే మా అన్నయ్య కొడుకు, ఏడేళ్లవాడు, వాంతులతో వాడిపోయాడు. పదింటికల్లా అందరం తిరిగి రేవులో ఉన్నాం, కిరాయి మాత్రం రోజంతటికీ కట్టాం. పడవలో అందరికంటే చిన్నవాడి ఓపికను కొలతగా పెట్టుకొని ఏర్పాట్లు చేసుకోవాలని ఆ రోజు తెలిసింది. కింది క్రమం ఆ తర్వాత అలవడినదే.

1. నెలను, పూటను నిర్ణయించుకోండి

మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల అక్కడి సముద్రం పోటెత్తి ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల బెడద ఉంటుంది. కుటుంబంతో వెళ్లడానికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. అండమాన్ మనకంటే బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి, శీతకాలంలో సాయంత్రం అయిదు దాటగానే పొద్దు వాలిపోతుంది. అందువల్ల తెల్లవారుజామునే బయలుదేరి, ఎండ ముదిరేలోగా తిరిగివచ్చే నాలుగు గంటల వేటను ఎంచుకోండి.

బయలుదేరే ముందురోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ విడుదల చేసే సముద్ర స్థితి సూచనలో అలల ఎత్తు చూసుకోండి. ఆ అంకె పెద్ద అలల సగటును చెబుతుందే తప్ప అన్నిటికంటే పెద్ద అలను చెప్పదు. ఒంటరిగా వచ్చే అల దానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. సూచనలో మీటరున్నర దాటి కనిపిస్తే పిల్లలతో వెళ్లకండి.

2. పడవ మాట్లాడుకోండి

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోనూ, 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారిన హావ్‌లాక్‌లోనూ వేట పడవలు దొరుకుతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు; జంగ్లీఘాట్ రేవులో నిలబడితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడటం ఖాయం. సరంగుతో, అంటే పడవ నడిపే అతనితో, మన భాషలోనే మాట్లాడుకోగలిగితే మొహమాటం లేకుండా అన్నీ అడగవచ్చు: వేటకు అనుమతి ఉన్నదా, ఇంజన్లు రెండున్నాయా, ఒడ్డుతో మాట్లాడే రేడియో పనిచేస్తున్నదా, నీడా మరుగుదొడ్డీ ఉన్నాయా, మధ్యలో తిరిగివస్తే కిరాయి సంగతేమిటి, పట్టిన చేప ఎవరిది. ఒడ్డు కనుమరుగవుతుండగానే సెల్‌ఫోన్ సిగ్నల్ పోతుంది కనుక రేడియో లేని పడవ ఎక్కవద్దు. తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554ను కూడా ముందే రాసిపెట్టుకోండి.

అగ్నిపర్వతమున్న బారెన్ ద్వీపం దాకా తీసుకువెళతామని ఎవరైనా ఊరిస్తే, పోర్ట్ బ్లెయిర్ నుంచి అది 130 కిలోమీటర్లకు పైగా దూరమని గుర్తుంచుకోండి. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో వేట నిషేధం, ఆదిమ తెగల రక్షిత ప్రాంతాలవైపు పోవడం నేరం.

3. కడుపును సిద్ధం చేయండి

నూటికి తొంభై వంతులు ఇక్కడే తేలిపోతుంది. ఖాళీ కడుపుతో వెళితే వాంతి రాదని చాలామంది నమ్ముతారు. నిజానికి ఖాళీ కడుపే త్వరగా తిప్పుతుంది. బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో తినిపించండి; నూనె పెసరట్టు, చిక్కటి పాలు, కాఫీ తిరిగొచ్చాక చూసుకోవచ్చు. ప్రయాణపు వాంతుల మాత్ర వేసుకునేవారు పడవ ఎక్కడానికి కనీసం అరగంట, గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక మింగిన మాత్ర చాలాసార్లు కడుపులో నిలవదు. రెండేళ్లలోపు పిల్లలకు అవోమిన్ వంటివి ఇవ్వకూడదు, అంతకు పైబడిన పిల్లలకు ఎంత ఇవ్వాలో డాక్టరునే అడగండి.

పడవలో ముందు భాగం ఎక్కువగా ఎగిరిపడుతుంది కాబట్టి పిల్లలను మధ్యకో, వెనక్కో, డీజిల్ పొగ తగలని చోట కూర్చోబెట్టి, దూరంగా ఆకాశమూ నీరూ కలిసే గీతను చూడమనండి. ఫోన్ మాత్రం చేతికివ్వకండి.

4. చొక్కాయి, టోపీ, లైఫ్ జాకెట్

నీటి మీద పడి తిరిగి ముఖానికి కొట్టే ఎండ నీడలో కూర్చున్నా వదలదు. పొడుగు చేతుల చొక్కా, తాడున్న టోపీ, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ తప్పవు. పిల్లవాడికి లైఫ్ జాకెట్ తొడిగి, బకిల్స్ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే అది వాడి కొలత కాదు.

5. గాలం వేయండి

పిల్లలతో ముందుగా పగడపు దిబ్బల అంచుల్లో అడుగు వేట మొదలుపెట్టండి: పడవ ఆపి, సీసపు గుండు కట్టిన గాలానికి కనగర్త ముక్క గుచ్చి, నేల తగిలేదాకా దారం వదిలి, రెండు బారలు వెనక్కి చుట్టాలి. చిన్న చేప కొరికితే టకటకమని తట్టినట్టుంటుంది, పెద్దది మాత్రం దారాన్ని ఒక్కసారిగా బరువుగా కిందికి లాగుతుంది; ఆ తేడా వేలికి తెలియడమే పిల్లలకు అసలు వేడుక. చేతి గాలమైతే దారాన్ని వేలికి గానీ, మణికట్టుకు గానీ ఎన్నడూ చుట్టుకోనివ్వకండి. ఒక పార చేప లాగితే చుట్టు బిగిసి ఎముకదాకా కోస్తుంది.

తర్వాత పెద్దలు, పడవ నెమ్మదిగా పోతుండగా వెనుక నకిలీ ఎరలు లాగిస్తూ వంజరం, ట్యూనాల కోసం ప్రయత్నించవచ్చు. రీలు పట్టును, అంటే చేప ఎంత బలంగా లాగితే రీలు దారం వదలాలో ఆ బిగింపును, దారం తట్టుకునే బరువులో మూడో వంతుకు మించనివ్వకండి: 30 పౌండ్ల దారానికి 8 నుంచి 10 పౌండ్లు చాలు. చేప పరుగెడుతున్నంతసేపు చుట్టకండి. అది ఆగగానే గాలం కర్రను మెల్లగా పైకెత్తి, దించుతూ చుట్టండి. గాలం కర్ర పిల్లలకిచ్చి మొదలుపెట్టి మీరే లాగేసుకోవడం తండ్రులకున్న దుర్గుణం, నాకూ ఉంది.

6. పట్టిన చేపను చూసుకోండి

చేప నోటి నుంచి గాలం తీయడం సరంగు పని. జెల్ల ముల్లు గుచ్చుకుంటే, చర్మం కాలనంత వేడినీళ్లలో అరగంటకు పైగా ఆ భాగాన్ని ముంచి ఉంచి, తర్వాత ఆసుపత్రికి వెళ్లండి. అక్కరలేని చేపను తడి చేతులతో, అడ్డంగా పట్టుకొని వదిలేయండి.

ఉంచుకునే చేపను పట్టిన నిమిషంలోనే మంచులో పూడ్చాలి; చేప బరువెంతో మంచూ అంత ఉండాలి. ట్యూనా, కనగర్త వంటివి ఎండలో ఉంటే వాటి మాంసంలో హిస్టమిన్ చేరుతుంది. ఎంతసేపు ఉడికించినా అది పోదు, తిన్నవారి ముఖం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. దిబ్బల మీద తిరిగే పెద్ద బారకూడా, పెద్ద గ్రూపర్ చేపల్లో రంగూ రుచీ వాసనా మారకుండానే ఇంకో విషం ఉండే వీలుంది. కాబట్టి పెద్దవాటిని ఫొటో తీసుకొని నీళ్లలోకి వదిలి, మూరెడు పొడవున్న స్నాపర్ చేపను వంటకు దాచుకోండి. బస చేసిన చోట వంటవాడికి ముందురోజే చెప్పి, చింతపండు నానబెట్టించి ఉంచితే మధ్యాహ్నానికి పులుసు సిద్ధమవుతుంది.