ఎండలు ముదరకముందే కూలెంట్ మార్చుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

రోహిణి కార్తెకు ఇంకా రెండు నెలలుందనగా, మార్చిలోనే ఈ పని పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం, నలుగురిని ఎక్కించుకుని ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపించే గేజి ముల్లు ఎర్ర గీత వైపు జరిగిందనుకోండి, అప్పుడు రోడ్డు పక్కన చేయగలిగింది చాలా తక్కువ. కూలెంట్ అంటే ఇంజిన్ వేడిని లాగి, ముందున్న రేడియేటర్‌లో చల్లారే ద్రవం. పాతదాన్ని తీసేసి, లోపల కడిగి, కొత్తది పోయడం ఇంటి దగ్గర ఒక ఉదయం పూటలో అయిపోయే పని. మా ఇంట్లో బండికి నేనే చేసుకుంటాను. అయితే ఇందులో ఒళ్లు కాలే చోటు ఒకటుంది, ప్రాణం మీదికి వచ్చే చోటు ఇంకొకటుంది. ఆ రెండూ తెలిశాకే స్పానర్ పట్టుకోండి.

మొదటిది క్యాప్. పొయ్యి మీద ఉన్న కుక్కర్ మూత బలవంతంగా లాగితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. రేడియేటర్ క్యాప్ ఆ కుక్కర్ వెయిట్ చేసే పనే చేస్తుంది. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె కనిపిస్తుంది, అది బార్‌లలో ప్రెషర్. కుక్కర్‌లో ఉండేదీ దాదాపు అంతే. ఆ ప్రెషర్ ఉన్నంతసేపూ లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగదు. క్యాప్ వదులైన క్షణంలో ఒక్కసారిగా ఆవిరై ముఖం ఎత్తుకు చిమ్ముతుంది. ఇంజిన్ ఆపి ఇరవై నిమిషాలైంది కదా అని మా తమ్ముడు ఒకసారి తడిగుడ్డ వేసి తిప్పాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కాయి, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచీ మాకు ఒకటే నియమం: రాత్రంతా నిలిపి ఉంచిన బండికే, తెల్లవారాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఈ పని. రేడియేటర్ పై హోస్ పైపును చేత్తో నొక్కి చూడండి. చల్లగా, మెత్తగా లోపలికి పోవాలి. బిగుసుకుని ఉంటే క్యాప్ జోలికి వెళ్లకండి. కొత్త కార్లలో కొన్నింటికి రేడియేటర్ మీద క్యాప్ ఉండదు, పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు మూతే ఆ ప్రెషర్‌ని పట్టి ఉంచుతుంది. ప్లాస్టిక్ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒకవేళ కాలితే, కుళాయి కింద పారే నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, ఐసు ఏదీ పెట్టొద్దు. ముఖం మీద, కంట్లో పడితే నేరుగా ఆసుపత్రికే.

రేడియేటర్ ఫ్యాను కరెంటుది. ఇంజిన్ ఆగి ఉన్నా కొన్ని బండ్లలో దానంతటది తిరుగుతుంది. కాబట్టి బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసేయండి. లుంగీ, కండువా, వదులు చేతుల చొక్కా వద్దు. బండి ఎత్తాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ఇటుకలు స్టాండ్లు కావు, బరువుకు పగిలిపోతాయి.

కింద వెడల్పాటి టబ్బు పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పండి. అది చాలా బండ్లలో ప్లాస్టిక్కే. తిరిగి బిగించేటప్పుడు బలం చూపిస్తే మర పోతుంది. టబ్బులో పడినదాన్ని ఒక గాజు గ్లాసులోకి తీసి వెలుతురులో చూడండి. ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి పోకూడదు. తుప్పు రంగులో ఉంటే కడగాల్సిన సమయం దాటిపోయిందన్నమాట. పాల టీలా చిక్కగా, పైన నూనె తేలుతుంటే ఇంజిన్ ఆయిల్ కలుస్తోందని అనుమానించాలి, ఇంజిన్ పై భాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయి ఉండొచ్చు. అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి.

ఇక రెండో ప్రమాదం ఆ టబ్బులోనే ఉంది. ఎక్కువ కూలెంట్లలో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్. చూడటానికి షర్బత్తులా ఉంటుంది, రుచికి తీపి. పెద్ద మనిషికే సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణాంతకం. పిల్లికి ఒకటి రెండు చెంచాలు చాలు. తాగినవాళ్లు మొదట మద్యం తాగినట్టు తూలతారు, వాంతులవుతాయి, తర్వాత కాస్త తేరుకున్నట్టే కనిపించవచ్చు. ఈలోపు లోపల కిడ్నీలు దెబ్బతింటుంటాయి. దీనికి విరుగుడు ఉంది, కానీ ఎంత త్వరగా అందితే అంత పని చేస్తుంది. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడకుండా, కక్కించే ప్రయత్నం చేయకుండా, కూలెంట్ డబ్బా వెంటపెట్టుకుని 108కి ఫోన్ చేయండి. మిగిలిన కూలెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టడం మన ఇళ్లలో బాగా అలవాటు. దయచేసి ఈ ఒక్కటీ మానేయండి. పాతదాన్ని వీధి కాలువలో పోస్తే కుక్కలూ ఆవులూ తాగుతాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, తీసుకుంటారో లేదో ముందే అడిగి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. నేల మీద ఒలికినదాని మీద ఇసుక చల్లి ఎత్తి, ఆ చోటు కడగండి.

కడగడానికి ఏ నీళ్లు? మన బోరు నీళ్లతో గీజర్ రాడ్‌కు తెల్లగా ఉప్పు పేరుకోవడం చూస్తూనే ఉంటాం. రేడియేటర్ గొట్టాలు దానికన్నా చాలా సన్నం. మొదట మామూలు నీళ్లతో కడిగినా, చివరి రెండుసార్లు డిస్టిల్డ్ వాటరే వాడండి. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. మీ బండికి మొత్తం 5 లీటర్లు పడుతుందనుకుందాం. ప్లగ్ తీస్తే బయటికి వచ్చింది 3 లీటర్లే అయితే, 2 లీటర్ల నీళ్లు ఇంజిన్ బ్లాకులోనే ఉండిపోయాయి. ఇప్పుడు నీళ్లు కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ పోస్తే పలచబడిపోతుంది. నీళ్లు కలపని కాన్సన్‌ట్రేట్ కొని, సగానికి సగం కావాలంటే ముందు అది 2.5 లీటర్లు పోసి, తర్వాత అర లీటరు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నిష్పత్తి డబ్బా మీద రాసినట్టే ఉండాలి. చిక్కగా ఉంటే ఇంకా మంచిదనుకోవద్దు, వేడిని మోయడంలో గ్లైకాల్ కన్నా నీళ్లే మేలు. రంగు చూసి రకం తేల్చుకోకండి, కంపెనీకో రంగు. మాన్యువల్‌లో చెప్పిన రకమే కొనండి. పడని రెండు రకాలు కలిస్తే జిగురులా గడ్డకట్టే ప్రమాదముంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల కూలెంట్ పని ఇంట్లో వద్దు.

పోసేటప్పుడు సన్నని ధారగా పోయండి, గాలి బయటికి రావాలి. తర్వాత బ్యాటరీ వైరు బిగించి, బండి ఆరుబయట ఉండగానే స్టార్ట్ చేయండి. తలుపు మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. క్యాప్ ఎప్పుడు బిగించాలో, గాలి తీసే స్క్రూ ఎక్కడుందో మాన్యువల్ చెబుతుంది. హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టండి. కాసేపటికి, ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కుతుంది, బండి లోపలికి వేడిగాలి వస్తుంది. గేజి పైకి పోతున్నా లోపలికి చల్లగాలే వస్తుంటే ఎక్కడో గాలి ఇరుక్కుంది. వెంటనే ఆపేయండి, పూర్తిగా చల్లారాకే మళ్లీ మొదలుపెట్టండి.

మర్నాడు ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో మట్టం కొంచెం దిగి ఉంటుంది, కనిష్ఠ గీతకు, గరిష్ఠ గీతకు మధ్యకు వచ్చేలా నింపండి. కింద అట్ట ముక్క పరిచి వదిలితే ఎక్కడైనా చుక్క కారుతోందో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది. వారం రోజులు ఇలా చూశాకే ఘాట్ రోడ్డు ప్రయాణం పెట్టుకోండి.