పంచాంగం చూసి పడవెక్కండి: కోనసీమ తిప్పల్లో నాలుగు రోజులు తిరగాలంటే

గది బుక్ చేసుకునే ముందు గోడ మీది తెలుగు కేలండర్లో తిథి చూసుకోండి. గోదావరి పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే ఈ కొసన, ఒండ్రు మేట వేసి లేచిన ఈ తిప్పల మధ్య, పడవ ఎప్పుడు కదలాలో, ఏ కాలవలోకి దూరాలో, ఏ పక్షి ఎక్కడ వాలాలో చెప్పేది పోటు, అంటే సముద్రపు నీరు ఎక్కడం; అది దిగితే పాటు. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు బాగా ఎక్కుతుంది, పాటు అంత లోతుకీ దిగుతుంది. అప్పుడు బురద మేటలు దూరదూరాల వరకు బయటపడి, వాటి మీద మేతకి పక్షులు దిగుతాయి. అష్టమి నవముల దగ్గర నీరు పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. కాలవల్లో పడవ తిరగడానికి ఎక్కువ సేపు వీలుంటుంది. పిల్లలతోనూ మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితోనూ వచ్చేవాళ్ళు అష్టమి దగ్గర రండి. పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు అమావాస్యకి రండి.

తిథి కేలండరు చెబుతుంది, గంటల లెక్క మాత్రం మీరే వేసుకోవాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ పోటు ఎన్నింటికో పడవాయన్ని అడిగి రాసుకుంటే రేపటిది సుమారు 50 నిమిషాలు ఆలస్యం, ఎల్లుండిది మరో 50. కాబట్టి ‘7 గంటలకి బోటింగ్, 9 గంటలకి టిఫిన్’ అని అచ్చు వేసిన టూరు కాగితం ఎవరైనా చేతిలో పెడితే మడిచి సంచిలో వేసుకోండి. ఇక్కడ టిఫిన్ కూడా పోటుని బట్టే.

నేను ఈ తీరం ఊళ్ళలో జిల్లాపరిషత్ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. హైదరాబాదు నుంచి బంధువులు, వాళ్ళ స్నేహితులు, ఆ స్నేహితుల పిల్లలు వస్తూ ఉంటే వెంటబెట్టుకుని తిప్పుతూ ఉంటాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది ఇప్పుడు నావల మీదే ఉన్నారు, అందుకని నాకు బేరాల బాధ లేదు. మీకు ఉంటుంది కాబట్టి ఆ సంగతీ చెబుతాను.

ఎప్పుడు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. వలస పక్షులుంటాయి, ఎండ మెత్తగా ఉంటుంది, జనవరి నుంచి తాబేళ్ళు ఒడ్డుకొస్తాయి. అక్టోబరు, నవంబరు మొదట్లో తుపాన్ల భయం. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరంలో ఏం జరిగిందో ఇక్కడి ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, నేను మళ్ళీ చెప్పను. మీ బస దగ్గర స్లాబు ఉన్న గట్టి గది ఒకటైనా ఉందా, ఊళ్ళో తుపాను షెల్టర్ ఎటుందో వచ్చిన రోజే కనుక్కోండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరదలు. లంక ఊళ్ళ వాళ్ళే గట్లెక్కి ఉంటారు, మనం వెళ్ళి వాళ్ళ నెత్తిన కూర్చోవడం బాగోదు. పులస తినాలనుంటే అప్పుడు రాజమండ్రి వరకు వచ్చి తిని వెళ్ళండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఎండ కూడా మాడ్చేస్తుంది.

ఎక్కడ దిగాలి

అమలాపురానికి దక్షిణంగా ఎస్.యానాం నుంచి ఓడలరేవు వైపు వెళ్ళే తీరం నడిమధ్యన ఉంటుంది. తూర్పున కోరంగి మడ అడవులు, పడమట అంతర్వేది, రెంటికీ పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. దిండి అందంగానే ఉంటుంది, హౌస్‌బోట్లూ ఉన్నాయి, కానీ అది గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డు, సముద్రం కాదు. కొబ్బరి తోటలో పడుకోవడమే మీ కోరికైతే అక్కడికే వెళ్ళండి.

ఇప్పుడు ప్రతి బోర్డు మీదా ‘ఎకో’ అని ఉంటోంది. ‘మాది ఫుల్ ఎకో అండి, తువ్వాళ్ళు అడిగితేనే మారుస్తాం’ అన్నాడొక మేనేజరు గారు. తువ్వాళ్ళ సంగతి తర్వాత. ఫోనులోనే నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది నీళ్ళు. ఈ తీరంలో ఇసుక దిబ్బల కింద వాన నీరు పలచటి పొరలా నిలిచి ఉంటుంది, దాని కిందంతా ఉప్పు నీరే. ఈత కొలను కోసం మోటారు వేసి తోడుతూ పోతే కింది ఉప్పు పైకొస్తుంది, పక్కింటి నుయ్యి కూడా పాడవుతుంది. సముద్రం ఎదురుగా పెట్టుకుని ఈత కొలను ఉన్న హోటలుకి నేనెవరినీ పంపను. రెండోది, మరుగుదొడ్డి నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? ‘వెనక కాలవలోకండి’ అంటే అక్కడితో ఫోను పెట్టేయండి. మూడోది దీపాలు. సముద్రం వైపు తెల్లటి ఫ్లడ్‌లైట్లు ఉన్నాయా, జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి ఆర్పుతారా? గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల వెలుతురున్న వైపు నడుస్తుంది. చీకటి రాత్రి సముద్రం మీద ఆకాశమే నేల కంటే తెల్లగా ఉంటుంది కాబట్టి దాని లెక్క సరిపోతుంది. హోటలు లైటు వెలిగితే పిల్ల ఆ వైపు పాకి, తెల్లారేసరికి కాకుల పాలవుతుంది. నాలుగోది, హోటలు ముందున్న ఇసుక దిబ్బని చదును చేశారా? దిబ్బ మీద రావణాసురుడి మీసాల గడ్డి, పాకే తీగలు అలాగే ఉంటే ఆ యజమానికి సంగతి తెలుసని అర్థం. చదును చేసి లాను వేసి, జీపులు ఇసుక మీదికి దించుతుంటే గదులు ఎంత బాగున్నా వద్దు.

తాటాకు కప్పు, మట్టి గోడ ఉన్నంత మాత్రాన సంబరపడకండి. మిద్దె ఉన్నా పై నాలుగింటికీ సరిగ్గా జవాబు చెప్పినవాళ్ళ దగ్గరే దిగండి. భోజనం ఎలాగూ బాగుంటుంది. మండపీత, మట్టగిడస, పండుగప్ప ఏ పూట దొరికింది ఆ పూట వండించుకోండి. పులస మాత్రం చలికాలంలో అడగకండి. ఎవరైనా ఉందంటే అది పులస కాదు.

కోరంగి

ఒక రోజంతా దీనికే కేటాయించండి. అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా, ఎదుర్లంక దగ్గర గోదావరి పాయ గౌతమి మీద బాలయోగి వంతెన దాటితే యానాం. అక్కడి నుంచి కాకినాడ రోడ్డులో తాళ్ళరేవు దాటాక కోరంగి. ఇప్పుడు చిన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది, 1839 నవంబరు తుపాను ఉప్పెనలో ధ్వంసమైంది. అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

అటవీ శాఖ వేసిన చెక్క వంతెన మీద నడక అందరూ చేస్తారు. ఆదివారం అయితే సెల్ఫీలు తప్ప ఏమీ కనబడవు. మామూలు రోజున, తెరిచిన వెంటనే వెళ్ళండి. వంతెన మీద పరిగెత్తకుండా ఒకచోట పది నిమిషాలు కదలకుండా నిలబడితే కింద బురదకి ప్రాణం వస్తుంది. ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న చిన్న పీతలు కన్నాల్లోంచి వచ్చి ఆ డెక్కని ఊపుతుంటాయి. ఊపేవి మగవి, పిలుస్తున్నాయి. రెక్కలతో బురద మీద గెంతే చేపలూ ఉంటాయి. పిల్లలు చేప నేల మీద నడుస్తోందని అరుస్తారు, అరవనివ్వండి, మళ్ళీ పది నిమిషాలు ఆగాలి అంతే.

మడ చెట్టు ఆకు అడుగున నాలుక ఆనించి చూడమని నేను పిల్లలకి చెబుతాను. ఉప్పగా ఉంటుంది, చెట్టు తాగిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. అయితే ఏ చెట్టో తెలిసినవాళ్ళు పక్కన ఉంటేనే. ఎందుకంటే పక్కనే తిల్ల చెట్టుంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆకు తుంపడం, కొమ్మ విరవడం అసలు వద్దు. నేల మీద మేకుల్లా పొడుచుకొచ్చినవి మడ వేళ్ళే, బురదలో గాలి ఆడక పైకొచ్చి ఊపిరి పీలుస్తాయి. ఉప్పుపొన్న కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి ఈటెలా వేలాడుతుంది.

పడవ ఎక్కేది పోటు మొదలైనప్పుడు. అప్పటికింకా బురద ఒడ్డులు కనిపిస్తుంటాయి కాబట్టి లకుముకి పిట్టలు, వక్కలు, నీటికాకులు, ఉల్లంకులు మేతలో ఉంటాయి. పడవ ఎక్కడైనా ఇరుక్కున్నా ఎక్కే నీరే లేపుతుంది. పాటులో లోపలికి వెళ్ళి ఇరుక్కుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా దోమలతో కబుర్లు చెప్పుకోవాలి. ‘టీచరుగారండీ, ఇంకో అరగంటలో వెనక్కి తిప్పేయాలండి’ అని పడవాయన అన్నాడంటే నేను మారు మాట్లాడను. ఒకప్పుడు నేను క్లాసులో చెబితే అతను విన్నాడు, ఇక్కడ చెప్పేది అతను.

నీటికుక్కలు పొద్దున్నే గుంపుగా తిరుగుతాయి. ముందు చప్పుడు వినబడుతుంది, పిట్ట కూసినట్టు సన్నగా. ఆ వెంటనే నీళ్ళలో నాలుగైదు తలలు. ఇంజను ఆపించండి. బావురుపిల్లి, అదే చేపలు పట్టే అడవి పిల్లి, ఇక్కడ ఉంది కానీ రాత్రి తిరిగే జంతువు. పగలు చూపిస్తానని డబ్బు అడిగేవాణ్ణి నమ్మకండి. బురదలో దాని అడుగులు చూడటమే పెద్ద అదృష్టం: గుండ్రంగా ఉంటాయి, దీని గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి ఒక్కోసారి గోళ్ళ గుర్తూ పడుతుంది. కోలగా, గోళ్ళతో ఉంటే అది నక్క, పీతల కోసం వచ్చి ఉంటుంది.

తిప్పలు, దీవులు

కాట్రేనికోన వైపు బలుసుతిప్ప, మగసానితిప్ప ఉన్నాయి. మడ అడవుల మధ్య మత్స్యకారుల ఊళ్ళు. ఇక్కడ టికెట్టు కౌంటరూ లేదు, చెక్క వంతెనా లేదు. వేటకెళ్ళే నావనే మాట్లాడుకోవాలి. అందుకే నాకు కోరంగి కంటే ఇది ఇష్టం. వెళ్ళేవాళ్ళు కూడా అలా ఉండాలి మరి: వలలు ఆరబెట్టిన చోట తొక్కకండి, ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతుంటే అడగకుండా ఫోటోలు తీయకండి, ముక్కు మూసుకోకండి. చేపలు కొనండి.

హోప్ ఐలాండ్‌కి కాకినాడ నుంచి వెళ్ళాలి. మన బస నుంచి కాకినాడకే దాదాపు రెండు గంటలు, కాబట్టి చీకటితో బయలుదేరండి. గౌతమి తెచ్చిన ఇసుక గత రెండు వందల ఏళ్ళలో ఉత్తరంగా పెరుగుతూ పోయి ఈ దీవి అయింది, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దీని అడ్డు వల్లే కాకినాడ ఓడరేవు ముందు నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి. దీవి అభయారణ్యంలో భాగం కాబట్టి ముందుగా అటవీ శాఖ కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కోండి, రేవులో ఎవరో ‘ఏం ఫర్వాలేదండి’ అంటే విని ఎక్కేయకండి. దీవికీ నేలకీ మధ్య ఉన్న బురద మేటల మీద చలికాలంలో వేల పక్షులు దిగుతాయి. వాటిలో ఒకదాన్ని ప్రత్యేకంగా వెతకండి: నల్లటి తల, నారింజ ముక్కు, కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు. ఆ కింది ముక్కుతో నీటి పైపొరని కోసుకుంటూ ఎగురుతుంది. ఇండియన్ స్కిమ్మర్ అంటారు. ప్రపంచంలో మిగిలినవే కొద్ది, వాటిలో కొన్ని చలికాలం గడపడానికి ఇక్కడికి వస్తాయి. గుంపు మీదికి పడవ పోనిచ్చి ఎగరగొట్టించి ఫోటో తీసేవాళ్ళున్నారు. మేత మధ్యలో లేపితే దానికి ఆ పూట తిండి పోయినట్టే. దూరంగా ఆగి బైనాక్యులర్‌తో చూడండి, 8x42 అని రాసి ఉన్నది సరిపోతుంది.

ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తీసి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. సుమారు 50 రోజులకి పిల్లలు. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువగా ఆడవి, చల్లగా ఉంటే మగవి పుడతాయని చెబితే మా పిల్లలు క్లాసులో నమ్మేవారు కాదు. చూడాలంటే అటవీ సిబ్బందితోనే వెళ్ళండి, టార్చి వద్దు, గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దగ్గరికి పోవద్దు, ఎప్పుడూ వెనక నుంచే. వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, తాకినా గుడ్డు తీసినా కేసు. ఇంకొకటి, ఒడ్డున చచ్చిన తాబేళ్ళు కూడా కనిపిస్తాయి. అవి గాలి పీల్చే జంతువులు, ట్రాలు వలలో చిక్కుకుని పైకి రాలేక చనిపోతాయి. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

బేరం, సంచి, తిరుగు దారి

బేరం మనిషికింత అని కాకుండా పడవకింత, ఇన్ని గంటలకి అని మాట్లాడండి. డీజిలు అందులోనే కలిసిందో లేదో అప్పుడే తేల్చుకోండి. లైఫ్ జాకెట్లు మీ కళ్ళతో చూసి, తొడుక్కుని, బకిల్ పెట్టాకే పడవ కదలాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి అంతమంది పోయాక కూడా జాకెట్ల మీద కూర్చుని వెళ్ళేవాళ్ళు కనిపిస్తున్నారు. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు ఎంత డబ్బిస్తామన్నా అడగకండి. అవసరంలో ఉన్నవాడు ఒప్పుకోవచ్చు, అందుకే మీరే అడగకూడదు.

చెప్పులు బురద లాగేసుకుంటుంది, ఉత్త కాళ్ళని ఆల్చిప్పలు కోసేస్తాయి. తాళ్ళు బిగించే పాత కాన్వాసు బూట్లు తెచ్చుకోండి. పొడుగు చేతుల చొక్కా, దోమల మందు, మంచినీళ్ళకి స్టీలు సీసా. చిప్స్ పొట్లాలు వద్దు, యానాంలో కారప్పూస కాగితంలో కట్టించుకోండి.

చివరి రోజు అంతర్వేదికి పెట్టుకోండి. నరసింహస్వామి దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటుకి నడిచి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం. కార్లు కూడా పంటు మీదే దాటతాయి. నరసాపురంలో హైదరాబాదు రైలుంటుంది. భీష్మ ఏకాదశి తీర్థం మాత్రం సరిగ్గా తాబేళ్ళ కాలంలోనే వస్తుంది. ఆ వారంలో గదులు దొరకవు, రేవులో కార్ల బారు కదలదు. అప్పుడైతే పంటు జోలికి పోకుండా దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లులో అదే రైలు పట్టుకోండి.