స్పీకర్ల ఎంపిక – నాలుగో పాఠం: చెవిని బోల్తా కొట్టించే ఒక్క డెసిబెల్

ఈసారి గదిలో స్పీకర్లు ఎక్కడ పెట్టాలో చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చాలామందికి బెడిసికొట్టింది. అందులో సగం తప్పు నాదే కాబట్టి ముందు ఆ లెక్క సరిచేయాలి.

సెన్సిటివిటీ గురించి రాశాను గుర్తుందా? స్పీకరుకి ఒక వాట్ ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్స్‌లో కొలిచిన అంకె. "డబ్బా మీద వాట్లు చూసి మోసపోకండి, ఈ అంకె చూడండి" అన్నాను. చూడమన్నాను గానీ పరీక్ష మార్కుల్లా చూడమనలేదు. విజయనగరం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. "85, 88, 91 ఉన్నాయండీ. 91దే ఫస్టు ర్యాంకు కదా, తెచ్చేసుకున్నా" అన్నారు. తెచ్చుకున్నారు సరే, అరగంట పాటలు వినేసరికి తల పట్టేస్తోందట.

సెన్సిటివిటీ బండి మైలేజీ లాంటిది. మైలేజీ బాగుంటే సీటు కూడా మెత్తగా ఉంటుందని ఎవరూ అనుకోరు కదా. 85 స్పీకరు 20 వాట్లకి ఎంత మోగుతుందో, 91 స్పీకరు 5 వాట్లకే అంత మోగుతుంది. ఆ అంకె చెప్పేది అంతవరకే. పది బై పన్నెండు అడుగుల గదిలో మనం మామూలుగా వినేదానికి ఒకటి రెండు వాట్లు కూడా ఖర్చు కావు. కాబట్టి ఆంప్లిఫయరు మరీ బక్కది కాకపోతే 85 స్పీకరుని ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టక్కర్లేదు.

కొందరు నా మాట మరీ శ్రద్ధగా పాటించి దెబ్బతిన్నారు. కాగితంలో 92 అని పెద్దగా ఉంది, పక్కనే "2.83 వోల్టుల దగ్గర" అని చిన్నగా ఉంది. ఓమ్ అంటే కరెంటుకి స్పీకరు పెట్టే అడ్డు కొలత. 8 ఓమ్‌ల స్పీకరుకి 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్‌ల స్పీకరుకి అదే వోల్టేజీ రెండు వాట్లవుతుంది. అంటే 3 డెసిబెల్స్ ఊరికే కలిశాయి, ఒక వాట్ లెక్కలో అది 89. ఇది అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఇక అసలు గొడవకి వద్దాం. ఆ విజయనగరం ఆయన అంకె ఒక్కటే చూసి కొనలేదు. షాపులో మూడూ విన్నారు. విన్నాక కూడా 91దే బాగుందనిపించింది. అదీ నాకు ఒళ్లు మండించే విషయం.

షాపులో ఒకే ఆంప్లిఫయరుకి నాలుగైదు జతలు కలిపి, మీట నొక్కగానే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేలా పెడతారు. పాట అదే, వాల్యూమ్ అదే. ఇంతకన్నా న్యాయమైన పోటీ ఉండదనిపిస్తుంది. వాల్యూమ్ కదలకపోవడమే ఇక్కడ అన్యాయం. 85 నుంచి 91కి మారగానే శబ్దం 6 డెసిబెల్స్ లేస్తుంది. గట్టిగా వినిపించేది చెవికి మంచిగానూ వినిపిస్తుంది. ఇది మీ బలహీనత కాదు, చెవి నిర్మాణమే అంత. 1933లోనే అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఏ స్వరం చెవికి ఎంత గట్టిగా ఆనుతుందో కొలిచి గీతలు గీసి చూపించారు. చిన్న శబ్దంలో కింది స్వరాలు మనకి సరిగా ఆనవు. శబ్దం పెరిగేకొద్దీ అవి మిగతావాటికన్నా వేగంగా పైకొస్తాయి. అంటే ఏ మార్పూ చేయకుండా వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, ఆ స్పీకరుకి బాస్ కూడా పెరిగినట్టే ఉంటుంది.

6 డెసిబెల్స్ తేడా అయితే "ఇది గట్టిగా ఉందే" అని మీరే పసిగడతారు. ప్రమాదమంతా ఒకటి, ఒకటిన్నర దగ్గర ఉంది. అంత చిన్న తేడాని చెవి "గట్టి" అనదు. "స్పష్టంగా ఉంది" అంటుంది, "గొంతు ముందుకొచ్చింది" అంటుంది, "ఇందులో ప్రాణం ఉంది" అంటుంది. నేనూ ఒకప్పుడు అలాంటి ప్రాణానికే రెట్టింపు ధర పోసి తెచ్చుకున్నాను. ఇంట్లో పాతవాటితో సమానం చేసి వింటే ప్రాణమూ లేదు, పాడూ లేదు. అమ్మిన కుర్రాడిది మోసం కాదు పాపం, అతనికీ తెలియదు.

కాబట్టి పోల్చే ముందు శబ్దం సమానం చేయాలి. అందాజుగా కాదు, కొలిచి. ఫోన్‌లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్ చాలు. అది 70 చూపిస్తే నిజంగా 70 కాకపోవచ్చు. మనకి కావాల్సింది తేడా మాత్రమే కాబట్టి అదే ఫోన్, అదే చోటు ఉంటే సరిపోతుంది. కొలిచేటప్పుడు పాట పెట్టకండి, అంకె కుదురుగా ఉండదు. పింక్ నాయిస్ అని వెతికితే దొరుకుతుంది, రేకుల షెడ్డు మీద ఎడతెగని వాన లాంటి హోరు. అది పెట్టి, మీ తల ఉండే చోట ఫోన్ పెట్టి, మొదటి స్పీకరు అంకె రాసుకోండి. రెండోదానికి మారి అదే అంకె వచ్చేదాకా వాల్యూమ్ సవరించండి. రెండు చోట్లా వాల్యూమ్ ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, ఇక పాటలు మార్చి మార్చి వినండి. ప్రతిసారీ ఆ గుర్తులకే తిప్పాలి. హోరు వాయించేది ఒక ఫోన్, కొలిచేది ఇంకో ఫోన్. ఇది చెప్పక్కర్లేదనుకున్నాను, చెప్పాల్సి వచ్చింది.

తెలివైనవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. హోరు బదులు 1000 హెర్ట్జ్ కూత పెడతారు, అంకె కదలదు కాబట్టి. నిజమే, కదలదు, మీరు కదలనంతవరకు. ఆ కూత అల పొడవు 34 సెంటీమీటర్లు. గోడల నుంచి తిరిగొచ్చిన శబ్దంతో కలిసి ఒక చోట పెరుగుతుంది, బెత్తెడు పక్కన తగ్గిపోతుంది. నున్నటి టైల్స్, బోడి గోడలు ఉన్న మన హాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఫోన్ కాస్త జరిపితే చాలు, లెక్క తారుమారు. హోరులో అన్ని స్వరాలూ ఉంటాయి కాబట్టి ఈ బెడద బాగా తగ్గుతుంది.

సమానం చేశాక ఏం వినాలి? నేనైతే ముందు పాటే పెట్టను. వార్తలు చదివే గొంతు పెడతాను, అదీ ఒక్క స్పీకరులోనే, రెండోది తీసేసి. లౌడ్‌స్పీకర్ల మీద దశాబ్దాలు పరిశోధించిన కెనడా శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ కూడా లోపాలు ఒంటి స్పీకరులోనే బాగా బయటపడతాయని చూపించారు. మనిషి గొంతు పుట్టినప్పటి నుంచీ వింటున్నాం, దాని దగ్గర మన చెవిని ఏమార్చడం కష్టం. స, శ, ష మూడూ విడివిడిగా తెలియాలి. "స" దగ్గర ఈల వేసినట్టు గుచ్చుకుంటే ఆ స్పీకరు ఎంత మెరిసినా వదిలేయండి. మగ గొంతు కుండలోంచి వస్తున్నట్టుంటే అదీ వద్దు.

తరవాత మృదంగం. తొప్పి (మృదంగం ఎడమవైపు) మీద పడే దెబ్బలన్నీ ఒకేలా "గుమ్ గుమ్" అంటే అది బాస్ కాదు, పెట్టె మోత. నాదస్వరం ఒక ఐదు నిమిషాలు. వీణ పెడతారో లేదో మీ ఇష్టం, నాకు దానితో పెద్దగా తేడాలు దొరకలేదు. సినిమా పాటల్లో ఇటీవలివి చాలావరకు చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ తేడా లేకుండా ముందే గట్టిగా నొక్కి విడుదల చేస్తున్నారు, పరీక్షకి పనికిరావు. వినడానికి పెట్టుకోండి.

20,000 రూపాయల లోపు కొనేవాళ్లకి నా పక్షపాతం ముందే చెప్పేస్తాను: రెండు చిన్న స్పీకర్లు చాలు. ఆ డబ్బుకి నిలువెత్తు టవర్లు వస్తే, డబ్బు చెక్క మీద ఖర్చయింది, లోపలి సరుకు మీద కాదు. సబ్‌వూఫర్ డబ్బాతో వచ్చే సెట్ల గురించి నన్ను అడక్కండి. వైరుకి కూడా వేలు పోయకండి, ఇంటి వైరింగులో లైట్లకి వేసే 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు ఐదు మీటర్లదాకా హాయిగా సరిపోతుంది.

అభ్యాసం. ఇది కష్టంగానే ఉంటుంది, దాటెయ్యకండి. కొనడానికి వెళ్లకముందే ఇంట్లో ఉన్న ఏదో ఒక స్పీకరుతో చేయండి.

మొదటిది మీ మీద కాదు, ఇంట్లోవాళ్ల మీద. ఒకే స్పీకరుని తువ్వాలు వెనక పెట్టి, అదే పాట అరనిమిషం రెండుసార్లు వినిపించండి, రెండోసారి మీటరులో ఒకటిన్నర డెసిబెల్స్ పెంచి. "ఇవి రెండు వేరువేరు స్పీకర్లు, ఏది బాగుంది?" అని అడగండి. కనీసం నలుగురిని అడిగి, వాళ్లు వాడిన మాటలు యథాతథంగా రాయండి. ఒక్కరైనా "రెండోది కాస్త గట్టిగా ఉందంతే" అన్నారేమో చూడండి.

రెండోది మీ మీద. రెండు వేరే స్పీకర్లని హోరుతో సమానం చేసి, ఎవరినైనా తువ్వాలు వెనక కూర్చోబెట్టండి. ప్రతిసారీ ఏది వాయించాలో వాళ్లు రూపాయి బిళ్ల ఎగరేసి తేల్చుకోవాలి. మోగింది ఏ స్పీకరో మీరు చెప్పాలి. పదిసార్లు. తొమ్మిదికి తగ్గితే మీకు వినిపించిన తేడా నమ్మదగ్గది కాదు, మర్నాడు మళ్లీ చేయండి. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. మా ఇంట్లో మూడో రోజుకి బిళ్ల కనపడకుండా పోయింది.

వచ్చే పాఠానికి కొలిచే టేపు, సుద్దముక్క దగ్గర పెట్టుకోండి. స్పీకర్లు షోకేసులో దూర్చి ఉంటే ఆలోపే బయటికి తీయండి.