మందు మానేశాక లివర్‌కు ఏం పెట్టాలి?

మందు మానేసినవాళ్లకు మా చిత్తూరు వైపు ముందుగా దొరికే సలహా: నేలఉసిరి పసరు తాగు, లివర్ కడిగేస్తుంది అని. పసర్లు, లివర్ పొడుల జోలికి పోకండి. కొన్ని మూలికలే లివర్‌ను దెబ్బతీస్తాయి. ఆ డబ్బుతో కోడిగుడ్లు కొనుక్కోండి, నయం.

ఏళ్ల తరబడి తాగినవాళ్లకు చాలామందికి కండ కరిగిపోయి ఉంటుంది. రాగిసంగటిలోకి ఊరిబిండి పచ్చడి ఒక్కటే చాలదు. ఉలవచారో, అనపగింజల కూరో, కోడిపులుసో పడాలి. సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడిన దశ) ఉన్నవాళ్లు పడుకునే ముందు కూడా కాస్త తినాలి: గ్లాసు పాలు, రెండు ఇడ్లీలు అయినా సరే. దెబ్బతిన్న లివర్‌లో చక్కెర నిల్వ తక్కువ. తెల్లారేదాకా కడుపు ఖాళీగా ఉంటే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. పొట్టలో నీరు చేరితే ఊరగాయ, అప్పడం బంద్, ఎంత బాధైనా.

కొవ్వు పట్టిన దశైతే పూర్తిగా మానేసిన కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. సిర్రోసిస్ మచ్చలు అంత తేలిగ్గా పోవు. ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ కూడా డాక్టర్‌ని అడిగే వేసుకోండి.

రోజూ బాగా తాగే మనిషి ఉన్నపళంగా మానేసి చేతులు వణుకుతుంటే ఇంట్లో కూర్చోబెట్టకండి. ఫిట్స్ రావచ్చు, తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెంటనే తీసుకెళ్లండి.