రామచిలుకనూ ఉడుతనూ పోల్చి చూడటం ఎలా

ఒక పక్షినీ ఒక కొరికే జంతువునూ పోల్చాలంటే, కాగితం మీద పట్టిక గీసి ఈకలు ఇటు, రోమాలు అటు అని రాసుకోవడం కన్నా, ఆ రెండూ ఒకే చోట ఒకే పని చేస్తుండగా గమనించడం మేలు. పెరటి జామచెట్టు ఇందుకు చక్కగా సరిపోతుంది. కాయలు దోరగా మారేసరికి రామచిలుకా, మూడు చారల ఉడుతా రెండూ అక్కడికే చేరతాయి. తెల్లవారిన కాసేపటికి వెళ్లి, చెట్టుకు కాస్త దూరంలో కదలకుండా కూర్చోవాలి.

ముందుగా నోటిని చూడాలి, ఎందుకంటే తక్కిన తేడాల కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. చిలుకకు పళ్లు లేవు; కొక్కెంలా వంగిన పైముక్కు పుర్రెతో కలిసే చోట కదులుతుంది. ఉడుతకు పైన రెండు, కింద రెండు కొరుకుడు పళ్లుంటాయి. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక ఏదో ఒకటి కొరికి అరగదీసుకోక తప్పదు. గట్టి ఎనామిల్ పొర ముందువైపే ఉండటం వల్ల వెనుకభాగం త్వరగా అరిగి, అంచు ఉలిలా పదునుగా నిలుస్తుంది. రాలిన కాయను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే, ఉడుత కొరికిన చోట జంటగా సన్నని గీతలు, చిలుక కొట్టిన చోట వెడల్పైన గుంట కనిపిస్తాయి. చిలక్కొట్టిన పండు తియ్యనంటారు గానీ, రాత్రివేళ అదే చెట్టుకు గబ్బిలాలూ వస్తాయి కాబట్టి గాటుపడిన పండును చూసి వదిలేయడమే మంచిది.

తరువాత కాళ్లను చూడాలి. చిలుక వేళ్లు రెండు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి. ఒంటికాలి మీద నిలిచి రెండో కాలితో కాయను పట్టుకుంటుంది, కొమ్మ ఎక్కేటప్పుడు ముక్కునే మరో కాలిగా వాడుకుంటుంది. ఉడుత వెనుక కాళ్ల మీద కూర్చొని, ముందు పాదాలు రెండింటితో కాయను తిప్పుకుంటూ తింటుంది. వెనుక పాదాలు వెనక్కి తిరుగుతాయి గనుక మాను మీద తలకిందులుగా దిగగలదు.

పొడవును బట్టి పరిమాణం తేల్చకూడదు: చిలుక సుమారు 40 సెంటీమీటర్లున్నా అందులో చాలావరకు తోకే. పోలికలనూ విడిచిపెట్టరాదు. చిలుక చెట్టుతొర్రలో గుడ్లు పెట్టి పొదుగుతుంది, ఉడుత పీచూ దారప్పోగులూ పేర్చిన గూటిలో పిల్లలను కని పాలు ఇస్తుంది. అయినా రెండింటి పిల్లలూ కళ్లు తెరవకుండా, ఒంటి మీద కప్పు లేకుండానే పుడతాయి. దగ్గరగా చూడాలని చిలుకను పంజరంలో పెట్టడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

చెట్టు కిందికి పిల్లి వచ్చిన క్షణాన్ని వదులుకోవద్దు. చిలుక ఒక్క అరుపుతో ఎగిరిపోతుంది. ఎగరలేని ఉడుత మానుకు అవతలివైపు కరుచుకొని, తోక విదిలిస్తూ, పిల్లి వెళ్లేదాకా కిచకిచమంటూనే ఉంటుంది.