కాయిల్ మానేశాక తగ్గిన తుమ్ములు

పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది ఒడ్డుకు దగ్గరగా ఉంటాం కాబట్టి దోమలకు కొదవ లేదు. మా అమ్మాయికి ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనిపించని దుమ్ము పురుగులు పడవని బరంపురంలో చేయించిన పరీక్షల్లో తేలింది. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికినా, ముక్కులో స్ప్రే కొట్టినా తెల్లవారితే తుమ్ములే.

"రాత్రిపూట గదిలో ఏం వెలిగిస్తారు?" అని డాక్టరు గారు అడిగారు. దోమల కాయిల్, అంతకుముందు సాంబ్రాణి. ఒక్క కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు అదనం. అమ్మాయికి పడనిది దుమ్ము పురుగే, నిజమే. కానీ ఇలాంటి పొగ ముక్కు లోపలి పొరను దెబ్బతీస్తుంది. గాయపడిన కణాలు ఐఎల్-33, టీఎస్‌ఎల్‌పీ అనే ప్రోటీన్ల వంటి ప్రమాద సంకేతాలు విడుదల చేసి రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి. దాంతో మామూలు దుమ్ముకే వాపు ముదురుతుంది.

కిటికీలకు సన్న జాలీ కొట్టించాం, మంచానికి దోమతెర కట్టాం. ఘాటైన ఫినాయిల్ బదులు సబ్బునీళ్లతో నేల తుడుస్తున్నాం. సాంబ్రాణి దగ్గరే మా అత్తగారితో పేచీ వచ్చింది. "అది చెట్టు బంకే కదా" అంటారావిడ. ఏది కాలినా పొగ పొగే! చివరికి పెరట్లో తులసికోట దగ్గర వేయడానికి ఒప్పుకున్నారు. స్ప్రే ఇంకా వాడుతూనే ఉన్నాం, ఇప్పుడది పనిచేస్తోంది. అమ్మాయి రాత్రంతా నిద్రపోతోంది.